కాల్చిన రంగు

గుడ్డకి రంగు అంటుకుంది. పోయిన వారం స్టోరక్కను మనం అక్కడే, టూల్‌స్టోరు కిటికీ వెనక, చేతిలో పాలిష్ గుడ్డతో నిలబెట్టి వచ్చేశాం. ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం జరిగింది గబగబా చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

స్టోరక్క ఆ వర్క్‌షాపులో పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే మనిషి. అసలు పేరుతో ఎవరికీ పనిలేదు, ఓనరు కూడా స్టోరక్కా అనే పిలుస్తాడు. ఆమె మొగుడు అక్కడే ఫోర్‌మన్. ఒక్కగానొక్క తమ్ముడు అక్కడే డ్రిల్లర్. కిందటి నెలలో పెద్ద కంపెనీ ఇంజినీరు ఒకాయన ఎదురుగా నిలబడి చూస్తుండగా, స్టెయిన్‌లెస్ స్టీలు పలకకు రంధ్రం వేస్తున్న బిట్టు పగిలిపోయింది. పొగ ఎందుకొస్తోందా అని వంగి చూసిన తమ్ముడి కళ్ళద్దాల కింది సందులోంచి ముక్క దూరింది. కుడికన్ను పోయింది. స్పీడు ఎక్కువ పెట్టడం వల్లే బిట్టు విరిగిందనీ, తప్పు పూర్తిగా డ్రిల్లర్‌దేననీ ఆఫీసువాళ్ళు ఒక కాగితం తయారుచేశారు. ఇవాళ మధ్యాహ్నం తమ్ముడు వచ్చి, ఆ ఇంజినీరు ముందే దాని మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడిందంటే చుట్టుపక్కల ఏ షాపువాడూ వాణ్ణి మెషీన్ దరిదాపులకు రానివ్వడు. వాడికి చిన్నప్పటినుంచీ వచ్చింది ఆ ఒక్క పనే.

ఆ షాపులో ఒక కట్టుబాటుంది. విరిగిన ముక్క తెచ్చి చేతిలో పెడితేనే స్టోరక్క కొత్త బిట్టు ఇస్తుంది. ముక్క లేదా, ఓనరు కొడుకు వచ్చి అడిగినా కిటికీ రెక్క మూసేస్తుంది. ప్రమాదం జరిగిన మెషీన్‌కు ఇన్నాళ్ళూ తాళం వేసి ఉంచారు. ఇవాళ పొద్దున దాన్ని మళ్ళీ నడపమన్నారు. ఫిట్టర్ వెళ్ళి, బిట్టును పట్టుకునే చక్ విప్పి, అందులో బిగుసుకుపోయిన మొండిముక్కను లాగి, కట్టుబాటు ప్రకారం తెచ్చి కిటికీలో పెట్టి పోయాడు. దాని మీద సైజు అంకె కనబడాలని స్టోరక్క పాలిష్ రాసి ఒక్క తుడుపు తుడిచింది. బంగారు రంగు కాస్తా గుడ్డలోకి వచ్చేసింది. కింద తెల్లటి ఉక్కు బయటపడింది.

అక్కడ ఆగాం కదా. ఇక పదండి.

పూత వేసిన బిట్టుకు ఆ షాపులో ముద్దుపేరు రాణి. మామూలు ఉక్కు బిట్టు మీద బంగారు రంగులో గట్టి పూత, చేత్తో తడిమితే తెలియనంత పలచన. పలచనే గానీ మహా మొండిది. పాలిష్ పెట్టి చేతులు నొప్పి పుట్టేదాకా రుద్దినా గుడ్డకు పిసరంత అంటదు. ఆ పూత ఉంటేనే బిట్టు వేడికి తట్టుకుంటుంది, స్పీడు పెంచినా నిలబడుతుంది. పూత లేని తెల్లబిట్టును అదే స్పీడులో స్టెయిన్‌లెస్ స్టీలు మీద పెట్టారా, కాలిపోయి, మెత్తబడి, పలకలో పట్టేసి ఫట్‌మంటుంది. ఈ సంగతి ఆ షాపులో నేల ఊడ్చే మనిషిని అడిగినా చెబుతుంది.

మరి రాణి కానిదానికి రాణి రంగు ఎలా వచ్చింది? రంగు డబ్బాలో ముంచితే పెచ్చులూడుతుంది, ఇది అలా ఊడలేదు. స్టోరక్క ముక్కను వెలుతురుకు పెట్టి చూసింది. మెలిక అంచు పలచగా ఉన్నచోట బంగారు రంగు కాస్త ఊదాగా తిరిగింది. అంతే, ఆమెకు తెలిసిపోయింది. నున్నటి ఉక్కును సెగ మీద పెడితే ముందు బంగారు రంగు, తర్వాత ఊదా, ఆ తర్వాత నీలం వస్తాయి. ఇది పూత కాదు. ఎవరో తెల్లబిట్టును ఇసుకలో పెట్టి, కింద మంట వెలిగించి, సరిగ్గా బంగారు రంగు రాగానే తీసేశారు. ఇసుక పళ్ళెం, గ్యాసు మంట రెండూ ఉన్నది బిట్లకు పదును పెట్టే సాన గదిలో. సాన గది తాళం ఉండేది ఫోర్‌మన్ నడుముకు.

భోజనాల గంట కొట్టారు. మెషీన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ డబ్బాలు పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్ళారు. ఆమె మాత్రం కిటికీ మూసి, ముక్కను గుప్పిట్లో పెట్టుకుని, సాన గదివైపు నడిచింది. ఆ నడిచే దారంతా ఒకటే కోరుకుంది, ఆయన కాకూడదని. ఎవరైనా సరే, ఆయన కాకపోతే చాలని.

ఫోర్‌మన్ ఒంటరిగా కూర్చుని తింటున్నాడు. ఈమధ్య నలుగురిలో కూర్చుని తినడం మానేశాడు. పాపం, బావమరిది కన్ను పోయిన దిగులు అని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుని, డబ్బాలో ఆయనకిష్టమైనవే సర్దుతూ వచ్చింది. ఆ సంగతి గుర్తుకొచ్చి ఆమెకిప్పుడు ఒళ్ళు మండింది.

ముక్కను ఆయన డబ్బా మూత మీద పెట్టింది. పక్కనే గుడ్డ పరిచింది.

"ఇది ఎవరు కాల్చారండీ?"

ఫోర్‌మన్ మాటకారి. గొంతులో ముద్ద దిగకముందే సమాధానం తయారుగా ఉంటుంది. బిట్లు పంపినవాడే మోసం చేసుంటాడన్నాడు. ఈ రోజుల్లో ఏ సరుకు నమ్మేలా ఉందన్నాడు. అసలు స్టోరులో కూర్చునే నీకు ఇవన్నీ ఎందుకని కూడా ఒక మాట విసిరాడు. ఆమె అన్నీ విన్నది. రాణుల పార్సిలు వచ్చింది ప్రమాదం జరిగిన తర్వాత అనీ, దాని సీలు తన చేత్తోనే చింపాననీ, అంతకుముందు స్టోరులో ఒక్క రాణి కూడా లేదనీ నిదానంగా చెప్పింది. ఇంజినీరు చూసే ట్రయల్‌కు మీరు పాతవేవో దాచుకుని ఉంటారనుకున్నాను, నా తెలివి అలా ఏడిచింది అని కూడా అన్నది.

ఫోర్‌మన్ ముద్ద వదిలేశాడు. డబ్బా పక్కకు జరిపాడు.

తర్వాత చెప్పాడు. పార్సిలు ఆలస్యమైంది. ట్రయల్ వాయిదా వేయమని అడిగితే ఓనరు మండిపడ్డాడు. ఆ ఇంజినీరు మళ్ళీ రాడనీ, ఆర్డరు వేరే షాపుకు పోతుందనీ, అదే జరిగితే ఫోర్‌మన్ కుర్చీలోకి కూడా వేరే మనిషి వస్తాడనీ మొహం మీదే చెప్పాడు. దాంతో కాళ్ళూ చేతులూ ఆడలేదు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తెల్లబిట్లు ఇసుకలో పెట్టి రంగు తెప్పించాడు. ఇంజినీరు కంటికి బంగారు రంగు కనబడితే చాలు, తక్కువ స్పీడులో ఒక్క రంధ్రం వేయించి, టీ తాగడానికి లాక్కుపోదామనుకున్నాడు. ఆ మహానుభావుడేమో టీ వద్దన్నాడు. రాణిని పెట్టినప్పుడు నడిపే స్పీడు ఇదా, అసలు స్పీడులో నడపండి చూస్తాను అని మెషీన్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

చెబుతున్నంతసేపూ ఆయన గొంతులో ఒక ఊరట వినిపించింది. లోపల కుళ్ళుతున్నది బయటికి పోతుంటే మనిషికి హాయిగానే ఉంటుంది మరి. వినేవాళ్ళ సంగతి ఆయనకు పట్టలేదు.

స్టోరక్క మాత్రం ముక్క వంకే చూస్తోంది. ఆ ఊదా అంచు వంక. తనలాంటిది, మెషీన్ ముట్టనిది, వెలుతురుకు పెట్టగానే పట్టుకుంది. రోజంతా బిట్లతోనే కాపురం చేసేవాడు, దాన్ని చేత్తో పట్టి చక్‌లో బిగించినవాడు, పట్టుకోకుండా ఉంటాడా?

"వాడికి తెలుసా?" అంది.

ఫోర్‌మన్ నేలవైపు చూశాడు.

"మీరు చెప్పారా వాడికి?"

"చెప్పలేదు. చెప్పే వీలెక్కడుంది, ఆయన పక్కనే ఉన్నాడుగా. వాడే కనిపెట్టాడు. స్పీడు మార్చబోతూ ఆగి, నా వంక చూశాడు."

"మీరేం చేశారు?"

బయట పంపు దగ్గర ఎవరో డబ్బా కడుగుతున్న చప్పుడు వస్తోంది.

"తల ఊపాను," అన్నాడు ఫోర్‌మన్.

ఆమెకు ఏడుపు రాలేదు. వస్తే బావుండేది. పక్కనే ఉన్న స్టూలు పట్టుకుని కూర్చుంది. తమ్ముడు వాళ్ళ బావ వంక ఎలా చూసి ఉంటాడో ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనబడింది. వాడికి మెషీన్ ముందు నిలబడటం నేర్పింది ఈ బావే. చక్ బిగించే తాళంచెవి తియ్యకుండానే స్విచ్చి వేయబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది ఈ బావే. బావ తల ఊపితే ఏమీ కాదని వాడి నమ్మకం. ఒకవేళ అవుతుందని తెలిసినా, పరాయివాడి ముందు బావ పరువు తీయడం వాడి వల్ల కాదు. రెండు కళ్ళూ ఉన్న తమ్ముణ్ణి ఆమె ఆఖరుసారి చూసింది ఆ పొద్దున్నే, కిటికీ దగ్గర, తలకు కట్టుకునే గుడ్డ మర్చిపోయానంటూ వచ్చి అడిగినప్పుడు. ఆ మాత్రం దానికి విసుక్కుంది కూడా.

ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో, ఇంట్లో, తను వాడి పక్కన కూర్చుని, స్పీడు చూసుకోవద్దట్రా అని ఎన్నిసార్లు దెప్పిందో. వాడు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. వాడి పెళ్ళాం ఎదురు చెప్పబోతే ఊరుకోమన్నాడు. అక్క చేత తిట్లు తిన్నాడు గానీ బావ పేరెత్తలేదు. ఎందుకెత్తలేదో వేరే చెప్పాలా? అక్క కాపురం కోసం.

లేచి ముక్క అందుకుంది. ఇంజినీరు ఎలాగూ వస్తున్నాడు, ఆయన ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తానంది. ఫోర్‌మన్ అడ్డం వచ్చాడు. తిట్టలేదు, బతిమాలాడు. పెళ్ళయినప్పటినుంచీ ఎన్నడూ ఆయన ఆమెను బతిమాలింది లేదు, అది ఆమెకు మొదట అర్థం కూడా కాలేదు.

"నువ్వు చెబితే నేను దొరికిపోయిన దొంగని. నేనే చెప్పుకుంటే తప్పు ఒప్పుకున్న మనిషిని. ఆ ఒక్క అవకాశం ఇవ్వు నాకు. ముక్క నాకివ్వు, నా చేత్తోనే ఆయన ముందు పెడతాను."

స్టోరక్క ఆలోచించింది. ఆ షాపులో ముక్క తీసుకోవడమే గానీ ఇవ్వడం ఆమెకు తెలీదు. చేతిలోకి వచ్చిన ముక్క తిరిగి బయటికి పోనివ్వకపోవడమే ఆమె ఉద్యోగం. కానీ ఎదురుగా ఉన్నది మొగుడు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఎంత చేసినా ఆయన నోటితో ఆయన చెప్పుకుంటే తమ్ముడి దగ్గర మళ్ళీ తలెత్తుకోగలడు, ఇల్లు ఇల్లులా మిగులుతుంది అని ఒక గంపెడాశ పుట్టుకొచ్చింది. ముక్క ఆయన అరచేతిలో పెట్టింది.

పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కుంది. నీళ్ళు చల్లుకుంటుంటే వెనక సాన గదిలో సానరాయి తిరిగిన చప్పుడు వినిపించింది. ఎవరో పని మొదలెట్టారనుకుంది. కాస్త సేపు తిరిగి, ఆగిపోయింది. భోజనాలు ముగిసిన గంట కొట్టారు.

తమ్ముడు గేటు దగ్గరినుంచి ఒక్కడే నడిచొచ్చాడు. కుడికన్ను మీద తెల్లటి గాజుగుడ్డ మడత. ఆఫీసు గది మెట్లెక్కి లోపలికి వస్తూ కుడి భుజం తలుపు చెక్కకు కొట్టుకున్నాడు.

"ఈ తలుపు సన్నబడిందేంటక్కా, తిండి పెట్టట్లేదా దీనికి?" అని నవ్వాడు.

అందరూ నవ్వబోయి ఆగిపోయారు. ఆమె వాడి ఎడమపక్కకు కుర్చీ లాక్కుంది, వాడికి తను కనబడేలా.

గదిలో ఓనరు, ఆ పెద్ద కంపెనీ ఇంజినీరు, ఫోర్‌మన్, అక్కాతమ్ముళ్ళు. స్టోరులో బిట్లు ఇచ్చే మనిషి కూడా ఉండాలని ఇంజినీరే కబురు పెట్టి ఆమెను పిలిపించాడు. ఓనరు కాగితం చదివాడు. గొంతులో జాలి బాగానే పలికించాడు, ఆ విద్య ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఇలా ముగించేస్తే అందరికీ మంచిదన్నాడు. తమ్ముడి ముందు కాగితం పెట్టి, దానికి కుడిపక్కన పెన్ను పెట్టాడు.

ఇంజినీరు చెయ్యి అడ్డం పెట్టాడు. పాపం, ఆయనకూ నిద్రపడుతున్నట్టు లేదు. ఆ రోజు స్పీడు పెంచమన్నది తనేననీ, అది పూత బిట్టుకు సరైన స్పీడేననీ, ఇల్లు చేరిన దగ్గర్నుంచీ అదే ఆలోచిస్తున్నాననీ చెప్పాడు. నిజంగా పూత ఉన్న బిట్టయితే ఆ స్పీడుకు అలా కాలిపోయి పగలకూడదన్నాడు.

"విరిగిన బిట్టు మొండిముక్క చూడాలి నేను. చక్‌లోనే ఉండాలి కదా. ఏదది?"

స్టోరక్క మొగుడివైపు తిరిగింది. ఇదే సమయం. ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్తుందని చూసింది.

వెళ్ళలేదు.

"చక్ పొద్దున విప్పించేశాం సార్. ముక్క స్క్రాపు తొట్టిలో కలిసిపోయింది," అన్నాడు ఫోర్‌మన్. గొంతు వణకలేదు. "పూత బిట్టే సార్ అది. నేనే స్వయంగా తీసిచ్చాను. కుర్రాడు కంగారులో మీరు చెప్పినదానికంటే స్పీడు పెంచాడు."

ఆమె ఆయన చేతుల వంక చూసింది. గోళ్ళ సందుల్లో, చొక్కా కఫ్ మీద, నూనె తడి మీద అతుక్కున్న బూడిదరంగు ఉక్కు పొడి. భోజనానికి కూర్చున్నప్పుడు లేదది. పంపు దగ్గర తను మొహం కడుక్కుంటుంటే తిరిగిన సానరాయి ఏం పని చేసిందో అప్పుడు అర్థమైంది. ముక్క జేబులోనూ లేదు, తొట్టిలోనూ లేదు. దాన్ని నలుసు మిగలకుండా అరగదీసేశాడు. ఆ కన్నీళ్ళు చూసి తన చేత్తో తనే ఇచ్చింది.

ఇంజినీరు ఇంకా వదల్లేదు. తమ్ముడి వైపు వంగాడు.

"నువ్వు చెప్పు బాబూ. నువ్వు బిగించావుగా. పూత బిట్టేనా?"

తమ్ముడు ముందు బావ వంక చూశాడు. తర్వాత మెడ తిప్పి అక్క వంక చూశాడు. ఆమె మొహంలో ఏం కనబడిందో ఏమో, అక్కకు తెలిసిపోయిందని మాత్రం వాడికి తెలిసిపోయింది. ఉన్న ఒక్క కన్నుతోనే వద్దన్నాడు. చిన్నప్పుడు అమ్మకు చెప్పొద్దని అడిగినట్టే.

"పూత బిట్టే సార్," అన్నాడు. "తప్పు నాదే."

ఓనరు గట్టిగా ఊపిరి వదిలాడు. ఇంజినీరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఫోర్‌మన్ చొక్కా కఫ్ దులుపుకున్నాడు, దుమ్ము పడిందన్నట్టు.

స్టోరక్క లేచి నిలబడింది. తను నోరు విప్పితే ఇవాళ సాయంత్రం వెళ్ళడానికి ఇల్లుండదని ఆమెకు తెలుసు. విప్పకపోతే ఇల్లుంటుంది. ఆ ఇంట్లో ఈ మనిషికి రోజూ డబ్బా సర్దుతూ, గోడలు తడుముకుంటూ వచ్చే తమ్ముడికి కుర్చీ వేస్తూ బతకాలి.

"అబద్ధం," అంది.

ఇంజినీరు తలెత్తాడు. "ఎవరు చెప్పిందమ్మా?"

"ఇద్దరూ చెప్పిందీ."

ఫోర్‌మన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తెల్లబిట్టు అది, సెగకు కాల్చి రంగు తెప్పించారు, పొద్దున నా చేత్తో తుడిస్తే రంగు గుడ్డకు వచ్చింది, కాల్చింది మా ఆయన, ఇప్పుడే నాతో ఒప్పుకున్నాడు అని ఆమె చెప్పేసింది. పళ్ళ బిగువున చివరిదాకా చెప్పింది.

ముందు తేరుకున్నది ఓనరే. మొగుడూ పెళ్ళాల గొడవలు ఇంట్లో చూసుకోవాలి గానీ ఆఫీసులోకి తెస్తే ఎలా అని మెత్తగా నవ్వాడు. ఇంజినీరు నవ్వలేదు. ముక్క పోయినా ఆ గుడ్డ ఉందా అని అడిగాడు. ఆమె అప్పుడు చూసుకుంది. గుడ్డ కూడా సాన గదిలోనే, ఆయన డబ్బా పక్కనే వదిలేసి వచ్చింది. ఇక అది ఉంటుందా?

"అయితే ఆ బిట్టును దగ్గరగా చూసిన మనిషి ఒక్కడే మిగిలాడమ్మా," అన్నాడు ఇంజినీరు. "అతను ఔనంటే నేను ఈ కాగితం ఇక్కడే చింపేస్తాను."

అందరూ తమ్ముడి వైపు తిరిగారు. స్టోరక్క వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"చెప్పరా. నా గురించి ఆలోచించకు. ఇక నాకు అక్కడ కాపురం లేదు, అది అయిపోయింది. నిజం చెప్పు."

తమ్ముడు తల వంచుకుని కాగితం వంక చూస్తున్నాడు. కుడివైపు ఉన్న పెన్ను వాడికి కనబడలేదు. బల్ల మీద తడిమాడు. వేళ్ళకు తగిలింది. అక్క చెయ్యిని మెల్లగా భుజం మీదనుంచి తీసి పక్కకు పెట్టి, పెన్ను మూత తీశాడు.